రాజభవనం లేని రాజోద్యానం: మాడ్రిడ్‌లోని రెతీరో

గురువారం

మాడ్రిడ్ మెట్రోలో రెండవ లైను రైలెక్కి రెతీరో స్టేషన్‌లో దిగి పైకి వచ్చేసరికి రోడ్డు మధ్యలో అల్కాలా ద్వారం, దాని వెనక ఉద్యానపు ఇనుప కటకటాలు ఒకేసారి కనిపించాయి. ఈ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు గేటు దాటకముందే నన్ను హెచ్చరించాడు: "మామయ్యా, లోపలికి వెళ్లాక ప్యాలెస్ ఎక్కడని ఎవరినీ అడక్కండి. ప్యాలెస్ లేదు, తోటే ఉంది." ఆ మాట నిజమే, అయితే పూర్తిగా నిజం కాదు. ఆ భవనం ఆనవాళ్లు ఎక్కడెక్కడ మిగిలాయో వెతుక్కుంటూ తిరిగితే తప్ప ఈ తోట అర్థం కాదని నాకు అనిపించింది. అందుకే నేను చూసిన వరస కూడా ఆ వెతుకులాటను బట్టే సాగింది.

సుమారు 125 హెక్టార్లు, అంటే మన లెక్కలో మూడు వందల ఎకరాలకు పైబడిన ఈ తోటను 1630ల్లో స్పెయిన్ రాజు నాలుగవ ఫిలిప్ కోసం ఆయన ప్రధాన మంత్రి ఒలివారెస్ దొర తయారు చేయించాడు. అప్పటికి ఇది నగరానికి తూర్పు శివారు. ఇక్కడున్న సెయింట్ జెరోమ్ మఠాన్ని ఆనుకొని రాజకుటుంబానికి కొన్ని గదులుండేవి. ఉపవాస దినాల్లో, ఇంట్లో ఎవరైనా పోయిన దుఃఖంలో రాజులు ఆ గదులకు వచ్చి ఏకాంతంగా గడిపేవారు. ఆ నాలుగు గదులు పెరిగి పెరిగి మహాసౌధమయ్యాయి. దానికి కావలసిన డబ్బు కోసం పన్నుల మీద పన్నులు వేస్తుంటే, యుద్ధాలతో ఖజానా ఖాళీ అవుతున్న కాలంలో ఇదేం విలాసమని జనం గొణుక్కున్నారు. త్వరగా ముగించాలన్న తొందరలో చాలా భాగాన్ని రాతితో కాక ఇటుకతో కట్టారు. పటిష్ఠత కన్నా వేగానికి పెద్దపీట వేసిన కట్టడం చివరికి ఏమైందన్నది తరువాతి కథ.

గేటు నుంచి తిన్నగా నడిస్తే పెద్ద కొలను వస్తుంది. ఇది ఫిలిప్ కాలంలోనే తవ్వినది, దీర్ఘచతురస్రాకారంలో ఉంటుంది. అప్పట్లో దీని మీద నౌకాయుద్ధాల అనుకరణలు ఆడించేవారు. 1635లో కాల్దెరోన్ దె లా బార్కా నాటకాన్ని ఈ నీటి మీదే ప్రదర్శించారు. ఇటలీ నుంచి వచ్చిన కోసిమో లొట్టి అనే యంత్ర శిల్పి దానికి రంగస్థలం కల్పిస్తే, రాజుగారు, ఆయన పరివారం ప్రదర్శన చూశారు. ఇప్పుడు అదే నీటి మీద అద్దె పడవలు తిరుగుతున్నాయి. తెడ్లు వేయడం రాని కుర్రకారు ఒకరి పడవతో ఒకరి పడవను ఢీకొట్టి పగలబడి నవ్వుతున్నారు. మేము గట్టు మీద కూర్చుని చూశాము. పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ పొద్దుతిరుగుడు గింజలను పళ్లతో చిట్లించి, పొట్టును మాత్రం కింద పడనీయకుండా ఒళ్లో పరచుకున్న కాగితంలో వేసుకుంటున్నది. ఆమె చుట్టుపక్కల నేలంతా అంత జాగ్రత్త లేనివాళ్లు ఊసిన పొట్టే. ఈ గింజలు స్పెయిన్ వాళ్ల కాలక్షేపం. 2001లో కొలను నీళ్లు తోడి శుభ్రం చేసినప్పుడు అడుగున కుర్చీలు, చెత్త డబ్బాలు, మునిగిన పడవలు, సెల్‌ఫోన్లు బయటపడ్డాయని మేనల్లుడు చెప్పాడు.

కొలనుకు తూర్పు గట్టు మీద అర్ధచంద్రాకారపు స్తంభాల వరస, దాని నడుమ ఎత్తయిన పీఠం మీద గుర్రమెక్కిన పన్నెండవ అల్ఫాన్సో విగ్రహం ఉన్నాయి. ఇవి రాజరికపు తోట కాలం నాటివనుకుంటారు చాలామంది. నిజానికి ఈ కట్టడం పూర్తయినది 1922లో. అప్పటికే తోట ప్రజలపరమై అర్ధశతాబ్దం దాటింది. ఫొటోల్లో రెతీరో అనగానే కనిపించేది ఇదే. నాకు మాత్రం ఇది ఆ నీటికి కాస్త బరువెక్కువైన అలంకారంగా తోచింది. అయితే సాయంకాలపు ఎండలో ఆ మెట్ల మీద చేరిన యువతరానికి నా అభిప్రాయంతో పని లేదు.

శుక్రవారం

పొద్దున వెళ్లేసరికి గేట్లన్నీ మూసి ఉన్నాయి. గాలులు బలంగా వీస్తాయన్న హెచ్చరిక ఉంటే కొమ్మలు విరిగి మనుషుల మీద పడతాయన్న భయంతో తోటను మూసివేస్తారట. పదిహేను వేలకు పైగా చెట్లున్న చోట, అందులోనూ చాలా వయసు పైబడినవి ఉన్న చోట, అది అతి జాగ్రత్త కాదు. 2021 జనవరిలో ఫిలోమెనా అనే మంచు తుపాను మాడ్రిడ్ మీద విరుచుకుపడినప్పుడు మంచు బరువుకు ఇక్కడ వేలాది చెట్లు దెబ్బతిన్నాయి. అదే ఏడాది జులైలో యునెస్కో ఈ తోటను, పక్కనే ఉన్న ప్రాదో వీథిని కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

తోట మూతపడడం మంచికే జరిగింది. ఎందుకంటే ఒకప్పటి భవనం ఉన్నది ఇప్పటి కటకటాల లోపల కాదు, బయట. తోటకు పడమరగా, ప్రాదో మ్యూజియం వెనకనున్న నాలుగు వీథుల్లోనే దాని ఆవరణలు, అంగణాలు, నాటకశాల ఉండేవి. ముందుగా సెయింట్ జెరోమ్ చర్చికి వెళ్లాము. మఠం చాలావరకు పోయింది గాని చర్చి నిలిచింది. స్పెయిన్ యువరాజులు వారసులుగా ప్రమాణం పొందినది, 1906లో పదమూడవ అల్ఫాన్సో పెళ్లి చేసుకున్నది, 1975లో హువాన్ కార్లోస్ సింహాసనమెక్కినప్పుడు ప్రార్థన జరిగినది ఇక్కడే. ఆ పెళ్లి ఊరేగింపు చర్చి నుంచి రాజభవనానికి తిరిగి వెళ్తుండగా ఒక అరాచకవాది పూలగుత్తిలో దాచి బాంబు విసిరాడు. రాజదంపతులు బతికారు, చుట్టూ ఉన్నవాళ్లు చాలామంది పోయారు.

అక్కడి నుంచి నాలుగు అడుగులు వేస్తే 'రాజ్యాల సభామందిరం' ఉన్న పాత భవనపు ఉత్తర భాగం వస్తుంది. స్పెయిన్ ఏలుబడిలోని 24 రాజ్యాల చిహ్నాలను పైకప్పు అంచున చిత్రించడం వల్ల దానికా పేరు వచ్చింది. చాలాకాలం సైనిక మ్యూజియంగా ఉన్న ఈ కట్టడం ఇప్పుడు ప్రాదో మ్యూజియం చేతికి వచ్చింది, దాన్ని ప్రదర్శనశాలగా మారుస్తున్నారు. బయటి నుంచే చూడవలసి వచ్చింది. ఇక దక్షిణాన 'కసోన్' అనే నాట్యశాల ఉన్నది. లోపల లూకా జొర్దానో 1697 ప్రాంతంలో గీసిన పైకప్పు చిత్రం అలాగే ఉన్నా, ముఖభాగాలు 19వ శతాబ్దంలో చేర్చినవి. అమెరికా నుంచి 1981లో తిరిగి వచ్చిన పికాసో 'గెర్నికా' చిత్రాన్ని 1992 దాకా ఈ కసోన్‌లోనే ఉంచారు. ఇప్పుడిది పరిశోధకులు చదువుకునే గ్రంథాలయం. కాబట్టి దారిన పోయేవాళ్లను లోపలికి రానివ్వరు.

రాజ్యాల మందిరపు గోడలను అలంకరించిన చిత్రాలను చూడాలంటే ప్రాదో మ్యూజియంలోకి నడవవలసిందే. మధ్యాహ్నమంతా అక్కడే గడిచింది. వెలాస్కెస్ గీసిన గుర్రపు స్వారీ చిత్రాలు, ఓడిన సేనాని బ్రెదా కోట తాళంచెవి అందిస్తుంటే గెలిచిన సేనాని అతని భుజం మీద చెయ్యివేసి మర్యాద చేస్తున్న ప్రసిద్ధ చిత్రం, సుర్బరాన్ గీసిన హెర్క్యులిస్ సాహసాలు ఒకప్పుడు ఒకే గదిలో ఉండేవి. వీటన్నిటిలో నేను ఎక్కువసేపు నిలబడినది మాత్రం మైనో అనే చిత్రకారుని పని ముందు. బ్రెజిల్‌లోని బహియాను డచ్చివారి నుంచి తిరిగి గెలుచుకున్న ఘట్టమది. అందులో సేనాని ఒక తెర మీది చిత్రాన్ని సైనికులకు చూపిస్తుంటాడు. ఆ తెరలో రాజుగారి తల మీద విజయకిరీటం పెడుతున్న చేతులు రెండు జతలు. ఒకటి యుద్ధదేవత మినర్వాది, రెండవది సాక్షాత్తు ఒలివారెస్‌ది. రాజుగారి డబ్బుతో, రాజుగారి ఇంట్లో, రాజుగారి నెత్తి మీద తన చెయ్యి పెట్టి గీయించుకున్న మంత్రి ధైర్యానికి ఆశ్చర్యపోయాను. అయితే చిత్రానికి ముందు భాగంలో ఇవేవీ పట్టించుకోకుండా గాయపడిన సైనికుడికి కట్టుకడుతున్న ఒక స్త్రీని పెట్టాడు మైనో. చూపు చివరికి ఆమె దగ్గరే ఆగుతుంది.

1635 నాటికి ఆ గది సిద్ధమైంది. 1640లో కతలోనియా తిరగబడింది, పోర్చుగల్ విడిపోయింది. పైకప్పు మీది 24 చిహ్నాల్లో పోర్చుగల్‌ది మాత్రం అలాగే ఉండిపోయింది. 1643లో ఒలివారెస్ పదవి ఊడింది.

శనివారం

గాలి తగ్గింది. ఈసారి దక్షిణం నుంచి వెళ్దామని అతోచా స్టేషన్ దగ్గర బయలుదేరి మొయానో వాలు ఎక్కాము. 1925 నుంచి ఇక్కడ పాత పుస్తకాల దుకాణాలు వరసగా ఉన్నాయి. చెక్కతో చేసిన బూడిదరంగు కొట్లు, వాటి ముందు బల్లల మీద గుట్టలు పోసిన పుస్తకాలు. ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వంగి వంగి పుస్తకాలు ఏరుకున్న వాళ్లెవరికైనా ఈ వాలు ఎక్కడానికి అరగంట పట్టడం ఖాయం. స్పానిష్ రాకపోయినా నేనూ రెండు కొన్నాను, బొమ్మల కోసం.

వాలు చివర ఉన్న గేటు లోపలికి వెళ్తే కూడలి మధ్యన ఫౌంటెన్ మీద 'పతిత దేవదూత' విగ్రహం కనిపిస్తుంది. స్వర్గం నుంచి గెంటివేయబడ్డ లూసిఫర్ రాతిమీద పడి, ఒక రెక్క పైకెత్తి, కాళ్లకు చుట్టుకున్న పాముతో, నోరు తెరచి ఆకాశం వైపు అరుస్తున్న క్షణమది. రికార్దో బెల్యేర్ 1877లో రోమ్‌లో మలచిన రూపానికి కంచు పోత పోసి, 1885లో ఇక్కడ నిలిపారు. సైతానుకు నడిబొడ్డున విగ్రహం పెట్టిన ఊరని మాడ్రిడ్ వాళ్లు కాస్త గర్వంగానే చెప్పుకుంటారు. ఈ చోటు సముద్రమట్టానికి సరిగ్గా 666 మీటర్ల ఎత్తున ఉన్నదని కూడా అంటారు. కొలిచి చెప్పిన మాటకన్నా కోరి చెప్పిన మాటలా ఉన్నదది. పీఠం చుట్టూ ఉన్న భూతముఖాల్ని దగ్గరగా చూడండి. ఒక్కొక్కటీ పంజాలతో ఒక పామునో బల్లినో నొక్కి పట్టుకుని నోట్లోంచి నీళ్లు కక్కుతున్నది. పైనున్న దేవదూత దుఃఖం కన్నా కిందనున్న వీటి అల్లరే పిల్లలకు నచ్చుతుంది.

ఈ ప్రాంతంలోనే మూడవ చార్లెస్ స్థాపించిన పింగాణీ కర్మాగారం ఉండేది. ఆయన స్పెయిన్ సింహాసనం కోసం నేపుల్స్ వదిలి వచ్చేటప్పుడు కపోదిమొంతె పింగాణీ పనివారిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. కర్మాగారం 1760లో మొదలైంది. 1808లో నెపోలియన్ సేనలు మాడ్రిడ్‌ను ఆక్రమించినప్పుడు తోటను సైనిక శిబిరంగా మార్చుకొని, ఈ కర్మాగారం చుట్టూ కోట కట్టుకున్నాయి. ఫిరంగుల కోసం, వంటచెరుకు కోసం చెట్లు నేలకూలాయి. 1812లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ దళాలు ఆ కోటను లొంగదీసుకొని, కొన్ని నెలల తరువాత వెనక్కి మళ్లుతూ కర్మాగారాన్ని పేల్చివేశాయి. మిత్రులుగా వచ్చిన వాళ్లు పోటీ పింగాణీని కావాలనే రూపుమాపారని స్పెయిన్‌లో చాలాకాలం చెప్పుకున్నారు. ఇటుకతో కట్టిన ఆ పాత రాజభవనం కూడా ఆ యుద్ధంలోనే కోలుకోలేనంతగా శిథిలమైంది. కర్మాగారానికి నీళ్లు తోడిన చక్రపు బావి గోడలు మాత్రం తవ్వకాల్లో బయటపడి, నేలమట్టానికి కాస్త కిందుగా, రెండు నిమిషాల్లో చూసి వెళ్లదగినట్టు ఉన్నాయి.

నైరుతి మూలన 'స్మృతివనం' ఉన్నది. 2004 మార్చి 11న అతోచా వైపు వస్తున్న లోకల్ రైళ్లలో జరిగిన పేలుళ్లలో మరణించిన వారికోసం నాటిన 192 చెట్లున్న చిన్న గుట్ట ఇది. 170 సరుగుళ్లలా నిటారుగా పెరిగే సైప్రస్‌లు, 22 ఆలివ్‌లు, చుట్టూ సన్నని నీటి కాలువ. మేము ఒక చుట్టు తిరిగి వచ్చాము.

మే నెల కావడంతో గులాబీ తోట నిండుగా ఉన్నది. 1915లో సెసీలియో రోద్రీగెస్ అనే నగర ఉద్యానాధికారి వేసిన ఈ తోట అంతర్యుద్ధంలో నాశనమైతే మళ్లీ అచ్చంగా అలాగే వేశారు. ఫొటోలు తీసుకునే జంటల మధ్య నుంచి దారి చేసుకుని స్ఫటిక భవనం వైపు నడిచాము. 1887లో ఫిలిప్పీన్స్ ప్రదర్శన కోసం రికార్దో వెలాస్కెస్ బోస్కో ఇనుముతో, గాజుతో దీన్ని కట్టాడు. (పక్కనున్న ఇటుక భవనం పేరు వెలాస్కెస్ భవనం. అదీ ఈ శిల్పి పేరే, చిత్రకారుడిది కాదు. గైడ్లు చెప్పే వింతలు విని మోసపోకండి.) ఎదుటనున్న చిన్న చెరువులో చిత్తడి సైప్రస్ చెట్లు మొదళ్లు నీళ్లలో ముంచి పెరుగుతున్నాయి. మొదలు దగ్గర ఉబ్బి, పైకి పోయేకొద్దీ సన్నబడిన ఆ కాండాల మీద తాబేళ్లు ఎండ కాచుకుంటున్నాయి.

ఇంత అందమైన చోట చెప్పుకోక తప్పని సంగతి ఒకటుంది. ఆ ప్రదర్శనలో మొక్కలు, కలప, నేతవస్త్రాలతో పాటు నలభై మందికి పైగా ఫిలిప్పీన్స్ మనుషులను కూడా తెచ్చి, తోటలో వాళ్ల పద్ధతిలో గుడిసెలు వేయించి, జనం చూడడానికి పెట్టారు. వాళ్లలో కొందరు చలికి, జబ్బులకు ఇక్కడే ప్రాణాలు విడిచారు. అంతకు కొన్నేళ్ల ముందు ఇదే మాడ్రిడ్‌లో వైద్యం చదువుకున్న హొసే రిసాల్ ఈ సంగతి తెలిసి మండిపడ్డాడు. తరువాత ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడైన మనిషి ఆయనే. ఆ గాజు కప్పు కిందే 1936 మేలో మనుయెల్ అసాన్యాను స్పానిష్ రిపబ్లిక్ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. రెండు నెలలు దాటాయో లేదో అంతర్యుద్ధం మొదలైంది. పునరుద్ధరణ పనుల కోసం భవనాన్ని మూసి ఉంచడం వల్ల మేము లోపలికి వెళ్లలేదు. చెరువు అవతలి గట్టు నుంచి చూసినా దాని తేలికదనం తెలుస్తూనే ఉన్నది.

ఆదివారం

రెతీరోను జనంతో చూడాలంటే ఆదివారమే వెళ్లాలి. కొలను గట్టున తోలుబొమ్మలాటల వాళ్లు, జోస్యం చెప్పేవాళ్లు, గిటార్లు, సబ్బు బుడగలు ఊదేవాళ్లు, వాటి వెంట పరిగెత్తే పిల్లలు. మధ్యాహ్నం వేళ మండపంలో నగర వాద్యబృందం కచేరీ ఉంటుంది. కుర్చీలు ముందే నిండిపోతాయి, మిగిలినవాళ్లు చెట్ల కింద నిలబడి వింటారు. మూడవ చార్లెస్ 1767లో మొదటిసారి సామాన్యులను లోపలికి రానిచ్చినప్పుడు శుభ్రంగా, తగిన దుస్తుల్లో రావాలని షరతు పెట్టాడు. ఈ రోజు పొట్టి నిక్కర్లతో, చొక్కాల్లేకుండా గడ్డి మీద పడుకున్న వాళ్లను చూస్తే ఆయన కాపలాదారులు ఒక్కరినీ వదిలేవారు కాదు.

రానిచ్చారన్న మాటే గాని అంతా ఇచ్చేయలేదు. నెపోలియన్ సేనలతో యుద్ధం ముగిశాక తోటను మళ్లీ నాటించిన ఏడవ ఫెర్డినాండ్ ఈశాన్య మూలను తన కుటుంబం కోసం ప్రత్యేకంగా అట్టేపెట్టుకున్నాడు. చిన్న నీటి మడుగు మధ్యన జాలరి కుటీరం అనే బొమ్మరిల్లు లాంటి ఇల్లు, లోపల డొల్లగా ఉన్న కృత్రిమ కొండ అప్పటి సరదాలే. ఆ కొండకు ఎదురుగా అవిలా నుంచి విప్పుకొచ్చి పేర్చిన 12వ శతాబ్దపు చర్చి శిథిలం ఉంది. ఇక్కడికి ఎలా వచ్చి చేరిందో తెలియని చుట్టంలా ఒంటరిగా నిలబడింది.

ఆ తూర్పు వైపునే పాత జంతుశాల భవనం ఉన్నది. 1972లో జంతువులను ఊరి అవతలకు తరలించాక ఖాళీ అయిన కట్టడాన్ని 2013లో ప్రజా గ్రంథాలయంగా తెరిచారు. సింహాలు, పులులు పచార్లు చేసిన బోనుల్లో ఇప్పుడు కుర్చీలు వేసుకుని విద్యార్థులు పరీక్షలకు చదువుకుంటున్నారు. మా మేనల్లుడు, "నేను స్పానిష్ నేర్చుకున్నది ఈ బోనులోనే మామయ్యా" అని ఒక గదిని చూపించాడు. తోటలో నాకు అన్నిటికన్నా నచ్చిన భవనం ఇదే.

చివరగా పడమటి అంచుకు, కసోన్‌కు ఎదురుగా ఉన్న పార్టెరె తోటకు వచ్చాము. కత్తిరించిన పొదలతో, నేరుగా గీసినట్టున్న దారులతో ఇది ఫ్రెంచి పద్ధతి తోట. బూర్బన్ వంశపు మొదటి రాజు ఐదవ ఫిలిప్ కాలపు అభిరుచి. 1734లో నగరంలోని పాత రాజకోట కాలిపోయాక మూడు దశాబ్దాల పాటు రాజకుటుంబం నివాసం రెతీరోలోనే. ఇటలీ గాయకుడు ఫారినెల్లి ఇక్కడి నాటకశాలలో ఒపేరాలు నడిపించినది అప్పుడే. 1764లో కొత్త భవనంలోకి రాజకుటుంబం మకాం మార్చింది. పార్టెరెలో కంచె వేసి కాపాడుతున్న మెక్సికో సైప్రస్ మాడ్రిడ్‌లో అన్ని చెట్లలోకీ వయసులో పెద్దదని పేరు. లావాటి మొదలు నుంచి దీపస్తంభం కొమ్మల్లా పైకి విడిపోయిన దాని పంగలో ఫ్రెంచి సైనికులు ఫిరంగి పెట్టుకోవడం వల్లే నరకకుండా వదిలారని చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా, ఆ పంగ వెడల్పు చూస్తే ఫిరంగి పట్టదని మాత్రం అనలేము.

నాలుగవ ఫిలిప్ పేరున్న ద్వారం గుండా బయటికి వస్తే అల్ఫాన్సో వీథి, దాని అవతల పెద్ద పెద్ద బాల్కనీలున్న భవంతులు కనిపిస్తాయి. అవి నిలిచిన నేల కూడా ఒకప్పటి రాజోద్యానమే. 1865లో ఖజానా కష్టాల్లో ఉన్నప్పుడు రెండవ ఇసబెల్లా రాణి రాచ ఆస్తుల్లో కొంత అమ్మించి, నాలుగో వంతు తనకు ఉంచుకొని మిగతాది దేశానికి ఇస్తానన్నది. పత్రికలు ఆమె ఔదార్యాన్ని వేనోళ్ల పొగిడాయి. ఆ ఆస్తి అసలు దేశానిదే కదా, దేశానిది దేశానికి ఇచ్చి నాలుగో వంతు తీసుకోవడం ఔదార్యమెలా అవుతుందని ఎమీలియో కాస్తెలార్ అనే ఆచార్యుడు రాశాడు. ప్రభుత్వం ఆయన ఉద్యోగం తీసేసింది. విద్యార్థులు వీథికెక్కితే కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మఠం చుట్టుపక్కల స్థలం మాత్రం ముక్కలై అమ్ముడుపోయి ఇళ్లు లేచాయి. 1868 విప్లవంలో రాణి దేశం విడిచి ఫ్రాన్స్‌కు వెళ్లిపోయింది. మిగిలిన తోట, ఫెర్డినాండ్ దాచుకున్న మూలతో సహా, ఆ ఏడాదే మాడ్రిడ్ నగరపాలక సంస్థకు దక్కింది. ఇప్పుడు ప్రవేశ రుసుము లేదు. వేసవిలో ఉదయం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా, చలికాలంలో రాత్రి పది దాకా గేట్లు తెరిచే ఉంటాయి. గాలి హెచ్చరిక ఉన్న రోజుల్లో మాత్రం ప్రాదో వైపు వీథులతో మొదలుపెట్టవచ్చు.